గొంతు ఒకరిది, పాత్ర ఒకరిది: శంకరశాస్త్రి నటనపై తీర్పులు

ఎవరి జ్ఞాపకార్థం ఈ సభ జరుగుతున్నదో ఆ హార్మోనియం మాస్టారు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నాటక సమాజాలకు వాయించినవారు. కరపత్రంలో ఆయన పేరు చివరి వరుసలో ఉండేది. వేదికమీద ఆయన చోటు ఓ పక్కన, తెర తాడు దగ్గర.

ఆయన చేసే పని ఒకటి ఈ సభ గుర్తుచేసుకోవాలి. పద్యం చివర పాత్రధారి రాగం ఎత్తుకుంటాడు. పై షడ్జం దగ్గరికి వచ్చేసరికి ఊపిరి చాలదు. అంతకు ఒక్క క్షణం ముందే మాస్టారి వేలు ఆ మెట్టు మీదికి చేరేది, ఎడమచేతి కింద తిత్తి కాస్త బలంగా ఊగేది. నటుడి గొంతు ఆగిన చోట పెట్టె అందుకునేది. ఆ అతుకు ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు కూడా తెలిసేది కాదు. వన్స్‌మోర్ కేకలు మాత్రం నటుడికి దక్కేవి. మాస్టారు తల దించుకుని తరువాతి పద్యానికి శ్రుతి చూసుకునేవారు.

ఆ అతుకే ఈ ఉపన్యాసానికి విషయం. ఒక పాత్రలో పాట ఒకరిది, దేహం ఒకరిది అయినప్పుడు ఆ నటన ఎవరి ఖాతాలో పడుతుంది? తెలుగువాళ్లు ఈ ప్రశ్నను నలభై ఏళ్లకు పైగా ఒకే సినిమా చుట్టూ అడుగుతున్నారు. ఆ సినిమా ‘శంకరాభరణం’. ఆ నటుడు, అందులో శంకరశాస్త్రి అనే సంగీత విద్వాంసుడి వేషం వేసిన జె.వి. సోమయాజులు.

అయితే తగువు సినిమాతో పుట్టలేదు. తెలుగు ప్రదర్శన కళలో రెండు దారులు ఎప్పటినుంచో పక్కపక్కనే నడుస్తున్నాయి. ఒక దారిలో గొంతు పంచుకునే వస్తువు. తోలుబొమ్మలాటలో తెరవెనక కూర్చున్నవాడే రాముడికీ రావణుడికీ పాడతాడు. బొమ్మకు గొంతు లేదని ఎవరూ తప్పు పట్టరు. బుర్రకథలో కథకుడు చరణం సగంలో వదిలితే వంతలు అందుకుంటారు. సాయుధ పోరాట కాలంలో నల్లగొండ పల్లెల్లో సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు చెప్పినప్పుడూ పాట ఒక్క నోటితో పూర్తయ్యేది కాదు. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ వేషగాడు కొంత తాను పాడతాడు, కొంత పక్కపాటకు అభినయిస్తాడు. సూర్యాపేట పక్కనే ఉన్న పిల్లలమర్రి గుళ్లు కట్టించిన రేచర్ల వంశం నాటికే, ఆ తరువాత జాయపసేనాని ‘నృత్తరత్నావళి’ రాసిన నాటికే, నర్తకి వేరు, మద్దెలవాడు వేరు, పాడేవాడు వేరు. ముగ్గురూ కలిస్తేనే ఒక ప్రదర్శన.

రెండో దారి పద్యనాటకానిది. అది వయసులో చిన్నది, పట్టులో గట్టిది. ఇక్కడ నటుడంటే పద్యమే. జనం నాటకం చూడటానికి కాదు, పద్యం వినడానికి వెళ్లేవాళ్లు. స్థానం నరసింహారావు స్త్రీ వేషం కట్టి సత్యభామగా పాడితే సభ సద్దుమణిగేది. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, బందా కనకలింగేశ్వరరావు కృష్ణపాత్రకు మూడు వేరువేరు గొంతులు ఇచ్చారు. ఎవరి కృష్ణుడు గొప్ప అని వాదించుకున్నవాళ్లు నిజానికి ఎవరి రాగం గొప్ప అనే వాదించుకున్నారు. ఈ దారిలో అరువు గొంతుతో నటించడమంటే అరువు చేతులతో కుస్తీ పట్టడమే.

తెలుగు టాకీ ఈ రెండో దారిలోంచి పుట్టింది. 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చినప్పుడు పాడలేనివాడికి తెరమీద పెద్ద వేషం లేదు. చిత్తూరు నాగయ్య ‘పోతన’లో, ‘త్యాగయ్య’లో, ‘యోగి వేమన’లో తన పాటలు తానే పాడుకున్నారు. అక్కినేని కూడా తొలినాళ్లలో తన పాట తానే పాడుకున్నవాడే. తరువాత నేపథ్యగానం వచ్చింది, ఘంటసాల వచ్చారు, పదేళ్లు తిరిగేసరికి అంతా తారుమారైంది. 1951 నాటి ‘మల్లీశ్వరి’ని ఈ కోణం నుంచి మళ్లీ చూడాలి. భానుమతి తన గొంతుతో పాడుతుంది, పక్కన రామారావు ఘంటసాల గొంతుతో పాడతాడు. ఒకే యుగళగీతంలో రెండు దారులూ నడుస్తున్నాయి. చూసేవాళ్లకు ఎక్కడా కాలు తట్టుకోదు.

1957లో ‘మాయాబజార్’ ఇంకో అడుగు వేసింది. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లిపాట పాడుతున్నాడు. సుశీల గొంతు సాగుతుండగా మధ్యలో మగగొంతు తన్నుకొస్తుంది. సావిత్రి భుజం, నడుము, కనుబొమ్మ ఆ క్షణంలో మగవాడివి అయిపోతాయి. గొంతు మారడమే అక్కడ నటనకు ముడిసరుకు. సావిత్రి పాడలేదు కాబట్టి ఆ పాట సావిత్రిది కాదని తెలుగునాట ఎవరూ అనలేదు.

ఇక్కడ ఈ ప్రాంతపు మనిషి ఒకరిని తలుచుకోవాలి. కోదాడకు దగ్గర్లోని గుడిబండలో 1923 నవంబరు 16న పుట్టిన తాడేపల్లి లక్ష్మీకాంతారావును లోకం కత్తి కాంతారావు అంది. జానపదాల్లో రాకుమారుడు, ‘నర్తనశాల’లో కృష్ణుడు, ‘సీతారామకల్యాణం’లో నారదుడు. నారదుడంటే నడిచే పాట. చేతిలో మహతి, వేళ్ల మధ్య చిడతలు, నోట నామస్మరణ. ఆ పాటలు వేరే గొంతులవి. అయినా కాంతారావు నారదుడిని ఎవరూ శంకించలేదు. నిర్మాతగా మారి 1969లో తీసిన సినిమాకు ఆయన ‘సప్తస్వరాలు’ అని పేరు పెట్టుకోవడం చూస్తే, పాటతో ఆయన లెక్క తెరమీది పెదవుల దగ్గర ఆగలేదనిపిస్తుంది. ఆ నిర్మాణాలు ఆయన్ను ఆర్థికంగా కుంగదీశాయి. 2009 మార్చిలో కన్నుమూశారు.

నారదుడికి అడగని ప్రశ్న శంకరశాస్త్రికి ఎందుకు అడిగారు? నారదుడు దేవలోకపు వాడు. అతని గానం పురాణం ముందే ఒప్పుకున్న మాట. శంకరశాస్త్రి మన ఊరి మనిషి. సాధన చేసి విద్వాంసుడైనవాడు. అతని గొప్పతనమంతా గొంతులోనే ఉందని కథ చెబుతోంది. ఆ గొంతే నటుడిది కాకపోతే మిగిలేదేమిటి అన్నది ప్రశ్న.

ఇదే ప్రశ్న సముద్రాల అవతల ‘మై ఫెయిర్ లేడీ’ని పట్టుకుంది. బెర్నార్డ్ షా ‘పిగ్మేలియన్’ నాటకం ఆధారంగా లెర్నర్, లోవే అల్లిన ఈ సంగీతరూపకం 1956లో న్యూయార్కు బ్రాడ్‌వేలో మొదలైంది. పూలమ్ముకునే ఎలైజాగా జూలీ ఆండ్రూస్ వేదికమీద తానే పాడింది. వార్నర్ బ్రదర్స్ 1964లో సినిమా తీసినప్పుడు ఆ వేషం ఆమెకు దక్కలేదు. సినిమా ప్రేక్షకులకు ఆమె కొత్త అని జాక్ వార్నర్ ఆడ్రే హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. హెప్‌బర్న్ తన గొంతే ఉంటుందన్న ఆశతో సాధన చేసి పాటలు రికార్డు చేసింది. చివరికి చాలా భాగం మార్నీ నిక్సన్ గొంతు వాడారు. అంతకు ముందే ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కు, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటాలీ వుడ్‌కు పాడిన గొంతు అది.

అదే సినిమాలో ప్రొఫెసర్ హిగ్గిన్స్‌గా వేసిన రెక్స్ హారిసన్ ముందుగా రికార్డు చేసిన పాటకు పెదవులు కదపనని పట్టుబట్టాడు. ఆయన టై కింద చిన్న మైకు దాచి, సెట్‌లో పలికింది పలికినట్టు పట్టుకున్నారు. ‘మల్లీశ్వరి’లో సొంత గొంతు నాయికది, ఇక్కడ నాయకుడిది. ఆస్కార్ల నాటికి ఆ సినిమాకు పన్నెండు నామినేషన్లు వచ్చాయి, ఎనిమిది బహుమతులు దక్కాయి. హారిసన్ ఉత్తమ నటుడు. హెప్‌బర్న్‌కు నామినేషన్ కూడా లేదు. ఉత్తమ నటి బహుమతి ‘మేరీ పాపిన్స్’కు గాను జూలీ ఆండ్రూస్‌కు వెళ్లింది.

హెప్‌బర్న్ నటన మీద అప్పటినుంచి రెండు తీర్పులు నడుస్తున్నాయి. మొదటి సగంలో ఆమె మట్టి అంటని పూలపిల్లగా ఉందనీ, పాట వచ్చినప్పుడల్లా ముఖానికీ గొంతుకీ మధ్య గాజుపలక కనిపిస్తుందనీ ఒక పక్షం. నృత్యవిందుకు ముందు మెట్లు దిగే ఆ నడక, పాఠం నేర్చినా తన చోటేదో తెలియని ఆ కళ్లు ఇంకెవరివల్లా కావని రెండో పక్షం. ఆమె సొంతంగా పాడిన టేకులు కొన్ని తరువాతి కాలంలో బయటికొచ్చాక తగువు తగ్గలేదు, పెరిగింది. ఆ గొంతులో మెరుపు తక్కువ, బతుకు ఎక్కువ అని కొందరన్నారు. ఇందులో మరో సంగతి ఉంది. ఆ కథే ఒక పిల్ల ఉచ్చారణను పెద్దమనుషులు మార్చేయడం గురించి. మాట మార్చుకోవలసి వచ్చిన ఎలైజా పాత్రధారికి పాట కూడా మార్చేశారు. సినిమా తెలియకుండానే తన కథను తానే రుజువు చేసుకుంది.

‘శంకరాభరణం’ కథ వేరు. 1980 ఫిబ్రవరి 2న విడుదలైన ఈ చిత్రానికి కె. విశ్వనాథ్ దర్శకుడు, ఏడిద నాగేశ్వరరావు నిర్మాత, కె.వి. మహదేవన్ సంగీతం, వేటూరి సాహిత్యం, జంధ్యాల మాటలు, బాలు మహేంద్ర కెమెరా. 1979 సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో ప్రజాదరణ పొందిన ఉత్తమ చిత్రంగా స్వర్ణకమలం, మహదేవన్‌కు సంగీతానికి, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యానికీ వాణీ జయరాంకీ గానానికి పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ నటుడు మాత్రం ‘స్పర్శ్’కు నసీరుద్దీన్ షా. గొంతుకు పతకం వచ్చింది, ముఖానికి రాలేదు. హెప్‌బర్న్ కథ ఇక్కడ మళ్లీ గుర్తుకొస్తుంది, రెండిటికీ కారణాలు వేరైనా.

సంగీతం తెలిసినవాళ్ల అభ్యంతరం సూటిగా ఉంటుంది. కచేరీ చేసే మనిషి ఒంటికి ఒక లెక్క ఉంటుంది. తొడమీద తాళం వేసే చేతికి పొదుపు ఉంటుంది. గమకం పలికేటప్పుడు దవడ కంటే గొంతుముడి ఎక్కువ కదులుతుంది. సోమయాజులు చేయి గాలిలో ఎక్కువ తిరుగుతుందనీ, వేగంగా స్వరాలు వచ్చిన చోట పెదవులు వెనకబడతాయనీ వాళ్లంటారు. తుఫాను రాత్రి గుడిలో పాట సాగే దృశ్యంలో మెరుపులు, వాన, బాలు మహేంద్ర వెలుగునీడలు లేకపోతే ఆ లోపం బయటపడేదనేది వాళ్ల వాదన. ఇందులో నిజం కొంత ఉంది. ఆ పాటను శబ్దం తీసేసి చూస్తే ఒక గాయకుడు కనిపించడు. కోపంగా శివుణ్ని నిలదీస్తున్న ముసలాయన కనిపిస్తాడు. అది లోపమా, వేషమా అన్న దగ్గరే తీర్పులు చీలతాయి.

రెండో పక్షం ఘనతంతా బాలసుబ్రహ్మణ్యానిదేనంటుంది. అప్పటికి ఆయనకు ముప్పై మూడేళ్లు. శాస్త్రీయంగా గురువు దగ్గర కూర్చుని నేర్చుకోని గొంతు. మహదేవన్ సహాయకుడు పుగళేంది ఒక్కో పాటా దగ్గరుండి నేర్పించారు. పెళ్లిపందిళ్లలో మైకుసెట్టు మీద, రేడియోలో, తరువాత క్యాసెట్టులో ఈ పాటలు ముఖం లేకుండానే ఊరూరా తిరిగాయి. మిర్యాలగూడలో బియ్యం మిల్లు దగ్గర టీ తాగుతూ పాట విన్నవాడికి సోమయాజులు అవసరం పడలేదు. కాబట్టి పాటే శంకరశాస్త్రి అని ఈ పక్షం అంటుంది. కర్ణాటక సంప్రదాయపు కట్టుబాట్లు గట్టిగా పట్టుకున్నవాళ్లు మాత్రం ఈ గొంతును కూడా సినిమా గొంతే అన్నారు. అలా రెండో పక్షంలోనే ఇంకో చీలిక.

మూడో పక్షం నాటకం వాళ్లది. ఈ సభలో దానికి బలం ఎక్కువే ఉండవచ్చు. సోమయాజులు రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేసినవారు. తమ్ముడు జె.వి. రమణమూర్తి గిరీశంగా వేసిన ‘కన్యాశుల్కం’లో ఆయన రామప్పపంతులు. రామప్పపంతులంటే ఎవరు? దొంగసాక్ష్యాల నేర్పరి, మధురవాణి చుట్టూ తిరిగే రసికుడు, పైకి పెద్దమనిషి. ఆ వేషం వేసిన దేహమే శంకరశాస్త్రిగా నది మెట్లు ఎక్కింది. సోమయాజులు నటించలేదు, ఉన్నట్టే ఉన్నాడు, ఆయన వాలకమే అంత అని చెప్పేవాళ్లు రామప్పపంతులును మరిచిపోతున్నారు. తరువాత ‘వంశవృక్షం’, ‘సప్తపది’ల్లో అదే పంచె, అదే ఉత్తరీయం, అదే గంభీరస్వరం చూసి ఒకే మనిషిని మళ్లీ మళ్లీ తెచ్చారన్న విమర్శకు కొంత ఆధారం ఉంది. అది నటుడి తప్పు కంటే పరిశ్రమ పిరికితనం.

పాత్ర మీద మరో విమర్శ కూడా ఉంది. శంకరశాస్త్రి ఆధిక్యభావాన్ని సినిమా గుడ్డిగా పూజించిందన్నది అది. దాన్ని తోసిపుచ్చలేం. కాని సోమయాజులు ఆ మనిషి మీద జాలి అడుక్కోలేదన్నది కూడా గమనించాలి. కూతురు పాడుతూ స్వరం తప్పినప్పుడు పేరు పెట్టి ఒక్క కేక వేస్తాడు. ఆ కేకలో సంగీతభక్తి ఎంతో, కూతురి మనసు పట్టని మొండితనం అంతే. పిల్ల బతుకు మారిపోయే క్షణంలో స్వరం గురించి కోపగించే తండ్రి అతను. నటుడు రెండిటినీ ఒకే శ్వాసలో ఉంచాడు, ఏదీ మెత్తబరచలేదు. ఆ కేక బాలసుబ్రహ్మణ్యానిది కాదు.

శంకరశాస్త్రి చేరదీసిన వేశ్య కూతురు తులసితో కలిసి వీధిలో నడిచే దృశ్యాలు ఇంకా గొప్పవి. ఊరు వెలివేసినట్టు చూస్తుంది, పక్కవాద్యాల వాళ్లు లేచిపోతారు, ఆయన తల తిప్పడు. మెడ నిటారు, భుజం మీద ఉత్తరీయం కదలదు. నాట్యశాస్త్రం అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగుగా చెప్పింది. నేపథ్యగానం వాచికంలో సగం పట్టుకుపోయింది. మిగిలిన మూడింటితో నటుడు నిలబడగలడా అన్నదే అసలు పరీక్ష. శంకరశాస్త్రి పాడే చోట్ల కంటే పాడని చోట్ల సోమయాజులు పెద్దవాడు. ఈ ఉపన్యాసకుడి తీర్పు ఇది. సంగీతజ్ఞులు పాటల దగ్గర ఎత్తిచూపిన తప్పుల్లో సగం ఒప్పుకుంటూనే ఈ మాట చెప్పవచ్చు.

దీనికి ఎదురు రుజువు కూడా చరిత్రలోనే ఉంది, దాచకూడదు. 1981లో బాపు ‘త్యాగయ్య’ తీశారు. వేషం సోమయాజులుది, గొంతు మళ్లీ బాలసుబ్రహ్మణ్యానిది. ముప్పై అయిదేళ్ల ముందు నాగయ్య తీసిన ‘త్యాగయ్య’లో దర్శకుడూ, సంగీతకర్తా, గాయకుడూ, నటుడూ ఒక్కరే. నాగయ్య పాడుతుంటే ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో అక్కడే కన్ను మూతపడుతుంది, రాముడి మీద దిగులు గొంతులో పుట్టి ముఖానికి పాకుతుంది. సోమయాజులు త్యాగయ్యకు ఆ అతుకులేనితనం లేదు. పాత ‘త్యాగయ్య’ చూసిన పెద్దలు కొత్తదాన్ని ఒప్పుకోలేదు, జనం కూడా ‘శంకరాభరణం’ లాగా నెత్తిన పెట్టుకోలేదు. కారణం వెతకడం కష్టం కాదు. త్యాగయ్య దగ్గర పాటకూ మౌనానికీ తేడా లేదు. ఆయన కోపమూ కీర్తనే, ఏడుపూ కీర్తనే. పాడని చోటే లేని పాత్రలో సోమయాజులు బలం నిలబడేందుకు చోటు దొరకలేదు.

‘శంకరాభరణం’ కథను హిందీలో విశ్వనాథే 1985లో ‘సుర్ సంగమ్’గా తీసినప్పుడు గిరీష్ కర్నాడ్‌కు రాజన్, సాజన్ మిశ్రాలు గొంతిచ్చారు. పాడినవాళ్లు నికార్సయిన కచేరీ విద్వాంసులు. అయినా తెలుగువాళ్ల మనసులో శంకరశాస్త్రి స్థానం కదల్లేదు. గొంతు ఒక్కటే పాత్రను నిలబెడుతుందన్న వాదనకు ఇది చిన్న అడ్డుపుల్ల.

ఇక చివరి కచేరీ. మొదటి నుంచీ గొంతు తనదేనని నమ్మిన పండితుడు నిండు సభలో పాడుతూ పాడుతూ ఒరిగిపోతాడు. పాట చరణం మధ్యలో తెగుతుంది. తులసి కొడుకు శంకరం అదే పాట అందుకుంటాడు. అంతవరకూ బాలసుబ్రహ్మణ్యానిదైన గొంతు వాణీ జయరాందవుతుంది. తెరమీద ఆ మగపిల్లవాడి వేషం వేసిన బాలనటి పేరు కూడా తులసే. ఒక మగగొంతు ఆగితే ఒక స్త్రీ గొంతు, ఒక ఆడపిల్ల ముఖం, ఒక మగపిల్లవాడి పేరు దాన్ని ఎత్తుకున్నాయి. బుర్రకథ వంతలకు తెలిసిన పనే అది. పద్యనాటకపు దారిలో సాగిన కథను విశ్వనాథ్ చివరి నిమిషాల్లో తోలుబొమ్మలాట దారిలోకి తిప్పారు.

ఆ నిమిషాల్లో సోమయాజులుకు పాట లేదు, మాట లేదు. ఒరిగిన మనిషి కళ్లు మాత్రం పిల్లవాడి వైపు తిరుగుతాయి. వెనక పాట సాగుతూనే ఉంటుంది. తన గొంతు ఆగిన చోట ఇంకొకరు అందుకున్నారని ఆ ముఖానికి తెలుస్తుంది, మెడలో నరం ఒకటి వదులవుతుంది.